బకెట్ల వరుస దగ్గర మాస్టారు

పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. సిడెన్‌హామ్ నుంచి మాస్టారి అమ్మాయి. "అంకుల్, డాడీ పోయారు" అంది ఇంగ్లీషులో. తేరుకుని, పదహారో రోజు కార్యానికి తప్పకుండా రావాలనీ, వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలనీ అడిగింది. "ఆ రోజు కుళాయి దగ్గర డాడీతో ఉన్నది మీరొక్కరే. డాడీకి ఎంత ధైర్యమో మా పిల్లలకి చెప్పండి."

సరేనమ్మా అన్నాను. ఇంకేమంటాను? ఇదే ఊళ్ళో మా గ్రీన్‌వుడ్ పార్క్ పేట నుంచి సిడెన్‌హామ్ ఎంత దూరమని, దూరం వంక పెట్టడానికి కూడా లేదు. ఫోను పెట్టేసి చూసుకుంటే అరచేతులు తడిగా ఉన్నాయి. ధైర్యమట! నాకు ఊహ తెలిశాక ఆయనంత భయస్తుణ్ణి నేను చూడలేదు. ఆ ముక్క చెబితే పాపం ఆ పిల్లలు నొచ్చుకుంటారు. అదొక్కటే అయితే ఎలాగో సర్ది చెప్పేవాణ్ణి. ఆ రోజు సంగతి ఇంకొకటుంది, అది నా గురించి. ఇన్నేళ్ళలో మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మేం జూలూల సీమలో ఎస్ట్‌కోర్ట్ అనే చిన్న ఊళ్ళో దిగింది అన్ని రంగులవాళ్ళూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నిక అయిన మరుసటి ఏడు. ఏలూరులో మంచినీళ్ళ పథకాల మీద పనిచేసిన అనుభవం చూసి, చుట్టుపక్కల పల్లెలకి నీళ్ళు పెట్టే ఆఫీసులో నాకు ఇంజినీరు ఉద్యోగం ఇచ్చారు. కొత్త దేశం, కొత్త జెండా, కొత్త ప్రభుత్వం అని మురిసిపోతూ వచ్చాం. వచ్చిన వారానికే మురిపెం దిగిపోయింది. ఆ ప్రాంతంలో రెండు పార్టీలవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన చంపుకోవడాలు ఎన్నికతో ఆగలేదు. ఏ రోడ్డు మీద వెళ్ళొచ్చో, ఏది కూడదో ఆఫీసులో పొద్దున్నే చెప్పేవాళ్ళు. మా ఆవిడ పగలు కూడా వీధి తలుపుకి సోఫా అడ్డం జరిపి వంట చేసుకునేది. మిట్టమధ్యాహ్నం ఢామ్మని చప్పుడైతే, అది లారీ సైలెన్సరని తెలిశాక కూడా నేను అరగంట దాకా కిటికీ వైపు వెళ్ళేవాణ్ణి కాదు. ఏలూరులో నేను పెద్ద మొనగాణ్ణని పేరుండేది లెండి.

పక్కింట్లో మాస్టారు. డెబ్బయ్యో పడిలో ఉన్న సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా ఊలు స్వెట్టరు. ఇండియన్ పిల్లల బళ్ళో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వాళ్ళ తాతా అవ్వా విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆ అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయన నోట్లో ఇంకా మిగిలి ఉంది, క్రియలన్నీ ఒకే అచ్చులో పోసుకుని. మేం దిగిన రెండో రోజు కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నువ్వు ఇండియా తెలుగోడా?"

"అవునండీ."

"ఈ పూట దేనికి భయం పడింది?"

బెదిరిస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది ఆయన పలకరింపు. మనం 'బాగున్నారా' అన్నట్టు ఆయన అందర్నీ అలాగే అడుగుతారు. పాలవాణ్ణి, పోస్టుమాన్‌ని, గుళ్ళో పూజారిని కూడా. బాగున్నావా అంటే అందరూ అబద్ధం చెబుతారట. దేనికి భయపడ్డావంటే మొదట నవ్వి, తర్వాత నిజం చెబుతారట. మొదట్లో నేను దులపరించుకుని పోయేవాణ్ణి. నెల తిరిగేసరికి కంచె దగ్గర నిలబడి పూసగుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా విని, తన భయం కూడా చెప్పేవారు. ఏ పూటా ఆయన దగ్గర భయానికి లోటు లేదు.

ఎవరింటికి వెళ్ళినా కుర్చీ బరబరా గోడ దాకా ఈడ్చుకుని, గోడకి వీపు ఆనించి గానీ కూర్చోరు. పెళ్ళికి వెళితే గుమ్మం పక్కనే నిలబడి భోంచేస్తారు. బక్కీని, అంటే ఆయన చిన్న ట్రక్కుని, ఎప్పుడూ మూతి రోడ్డు వైపు పెట్టి ఆపుతారు. చెయ్యి కలిపితే వెంటనే వదలరు. అవతలివాడి అరచెయ్యి తడిగా ఉందో పొడిగా ఉందో చూసుకుని వదులుతారు. ఒకసారి మా ఆవిడ ఉండబట్టలేక, "ఇంత భయంతో ఇన్నేళ్ళు ఎలా బతికారు మాస్టారూ?" అని అడిగేసింది. ఆయనకి కోపం రాలేదు. "భయంతోనే బతికింది, తల్లీ. భయం లేనోళ్ళు మా క్లాసులో చాలామంది ఉండేది. ఇప్పుడు లేరు" అన్నారు.

ఆయన పెరట్లో పీచ్ చెట్టుకి నల్లమూతి కోతులు వచ్చేవి. జూలూ భాషలో ఇంకావు అంటారు. ఊరంతా రాళ్ళు వేసి తరిమితే, ఈయన గోడకి కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేవారు. పాత ప్రభుత్వం రోజుల్లో బడి పుస్తకాల్లో పరిణామం అన్న మాటే ఉండేది కాదు. మనిషి కోతి జాతి నుంచి వచ్చాడని చెబితే ఉద్యోగం ఊడేది. అందుకని ఆయన క్లాసులో మనిషి ఊసెత్తకుండా, ముప్ఫై ఏళ్ళు కోతుల గురించే చెప్పారు. తెలివైన పిల్లలకి అర్థమైపోయేదట. "హౌ! మనిషి జంతువు కాదు అని పుస్తకంలో రాసింది వాళ్ళే. మమ్మల్ని బోనులు బోనులుగా పెట్టింది వాళ్ళే" అనేవారు.

"డేగ వస్తే ఒక అరుపు, బాబూ. పాము వస్తే ఇంకోటి. చిరుత వస్తే ఇంకోటి. డేగ అరుపు వింటే పొదలో దూరతది, చిరుత అరుపు వింటే చెట్టు ఎక్కతది. తప్పు పోదు."

"మరి మనిషికో మాస్టారూ?"

"మనిషికి ఒక్క అరుపు చాలు. 'వాళ్ళు వచ్చారు.' ఎవరు వాళ్ళు? ఎవడు గట్టిగా అరిస్తే వాడు చెప్పిందే. అదే నాకు పెద్ద భయం."

ఈ చూడడమంతా ఆయన ఊరికే కాలక్షేపానికి చెయ్యలేదు. కొత్త రాజ్యాంగంలో ఏమేం ఉండాలో రాసి పంపండని ప్రభుత్వం ఊరూరా జనాన్ని అడుగుతున్న రోజులవి. మాస్టారు పాత టైపు మిషను ముందేసుకుని, కట్టలు కట్టలు టైపు కొట్టి పంపేవారు. ఆసుపత్రిలో కూర్చునే బల్లలు గోడ వారగా ఉండాలి, మధ్యలో ఉండకూడదు. పోలీసు జనంతో మాట్లాడేటప్పుడు నల్లద్దాలు తీసి కళ్ళు చూపించాలి. పింఛను కోసం నిలబడ్డ ముసలివాళ్ళకి ముందు మూసిన తలుపు, వెనక గుంపు ఉండకూడదు. ఇలాంటివి. నాకు నవ్వొచ్చేది. "మాస్టారూ, రాజ్యాంగమంటే హక్కులండీ, బల్లలూ కళ్ళద్దాలూ కాదు" అనేవాణ్ణి.

"హక్కు పేపర్ మీద ఉంటది, బాబూ. భయం కడుపులో ఉంటది. కడుపు పేపర్ చదవదు."

ఆ మాట విన్నాక కూడా నేను నవ్వడం మానలేదు, చదువుకున్నవాణ్ణి కదా.

ఆ ఏడు చివర్లో నాకు అప్పజెప్పిన పని, ఊరికి ఇరవై నిమిషాల దూరంలో రెండు వాడలకి నీళ్ళు. ఎగువ వాడ ఒక పార్టీ, దిగువ వాడ ఇంకో పార్టీ. మధ్యలో వానలకి కోసుకుపోయిన లోతైన గండి. ఒకరి ఇళ్ళు ఒకరు తగలబెట్టుకున్న ఆనవాళ్ళు రెండు వైపులా ఉన్నాయి, నల్లటి మొండిగోడలు. ఆడవాళ్ళు కొండ చుట్టూ తిరిగి ఊట దగ్గర నీళ్ళు తెచ్చుకునేవారు. ఆ దారిలోనే కాపు కాసి మనుషుల్ని చంపేవారు.

నేను గీసిన ప్లానులో గండి పక్క చదును మీద రెండు వాడలకీ కలిపి ఒకటే కుళాయి గట్టు. ఖర్చు తక్కువ, పైగా జనం కలుస్తారు. ఏలూరులో మా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు పొద్దున జుట్లు పట్టుకుని, సాయంత్రానికి వదినా వదినా అని పప్పు గిన్నెలు మార్చుకునేవాళ్ళు. నీళ్ళు మనుషుల్ని కలుపుతాయని నా నమ్మకం.

నీళ్ళ కమిటీ ఒక బడి గదిలో కూర్చుంది. కమిటీ పెద్ద పేరు మాజొండి. ఎగువ వాడ ఆవిడ, యాభై దాటిన మనిషి, మాట ఒక్కటే గానీ రెండోసారి అనదు. రెండేళ్ళ క్రితం ఆవిడ తమ్ముణ్ణి ఊట దారిలో చంపేశారు. అయినా దిగువ వాడ ఆడవాళ్ళతో ఒకే గదిలో కూర్చోవడానికి ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడే. మాస్టారిని కూడా కమిటీలో వేసుకున్నారు. రెండు వైపులవాళ్ళూ ఆయన్ని నమ్మేవారు, ఎందుకంటే ఆయన రెండు వైపులవాళ్ళకీ సమానంగా భయపడేవారు. పిల్లలూ పెద్దలూ ఆయన్ని తీషా అనేవారు. జూలూలో మాస్టారని అర్థం.

నా ప్లాను చూసి ఆయన లేచి, గోడకి ఆనుకునే జూలూలో మాట్లాడారు. "రెండు కుళాయిలు కావాలి. గండికి ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. మనిషికి కొత్తవాళ్ళంటే, కొట్టినవాళ్ళంటే భయం. ఇది పుట్టుకతో వచ్చింది. బలవంతంగా ఒకచోటికి తోస్తే కరుస్తాడు. ముందు దూరం నుంచి చూసుకోనివ్వండి."

మాజొండి మెల్లిగా అంది. "తీషా, నేను పుట్టినప్పటి నుంచి ఈ మాటే విన్నాను. మీరు వేరు, మేం వేరు, కలిస్తే కొట్టుకుంటారు, అది పుట్టుక అని. ఆ మాట అన్నవాళ్ళు నాకు వేరే తలుపు ఇచ్చారు, వేరే బల్ల ఇచ్చారు, వేరే బస్సు ఇచ్చారు. ఇప్పుడు నువ్వు వేరే కుళాయి ఇస్తావా?"

మాస్టారి ముఖం పాలిపోయింది. కుర్చీ గోడకి జరుపుకుని కూర్చున్నారు. ఒకే కుళాయి అని అందరూ చేతులెత్తారు, ఆయన చెయ్యి కూడా లేచింది. నేను గెలిచాను. లోపల గంతులేశాను కూడా, అబద్ధమెందుకు.

తిరిగి వస్తుంటే బక్కీలో ఆయనే మాట ఎత్తారు. "ఆమె కరెక్ట్ చెప్పింది. నేను చెప్పింది కూడా కరెక్టే. అందుకే నాకు భయం. అదే మాట వాళ్ళ నోట్లో గోడ అయింది. నా నోట్లో ఏం అవతది?"

"మీరు గోడ కట్టమనలేదు కదండీ."

"వాళ్ళు భయం ఉంది, ఉండనీ అన్నది. నేను భయం ఉంది, పోవడానికి టైమ్ ఇవ్వు అంటది. మధ్యలో చాలా దూరం ఉంది, బాబూ. మీటింగులో నిలబడితే ఆ దూరం ఎవరికి కనపడతది?"

కుళాయి గట్టు కట్టడం అయ్యింది. తీరా తెరిచే ముందు రెండు వాడలవాళ్ళూ ఎదురెదురు పడాలంటే జంకారు. అప్పుడు నాకు మా వీధి గుర్తొచ్చింది. మా దగ్గర కుళాయి ముందు మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. ఎవరి బిందె వాళ్ళు వరుసలో పెట్టి ఇంటికి పోయి పని చూసుకుంటారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఈ మాట చెప్పగానే మాస్టారి కళ్ళు వెలిగాయి. "మా అవ్వ! బారక్స్‌లో మా అవ్వ అట్లాగే! సొట్ట పడ్డ బకెట్ మా అవ్వది, ఎవరూ ముట్టేది కాదు!" అంటూ నా భుజం చరిచారు. చెరకు తోట కూలీల వరస గదుల దగ్గర కూడా మన అలవాటే నడిచిందన్నమాట. మనుషులు కలవక్కర్లేకుండా ఒకే కుళాయి! ఆయన సిద్ధాంతమూ నిలిచింది, మాజొండి మాటా నిలిచింది. తాళం మాజొండి దగ్గర. పొద్దున ఆవిడ కుళాయి తెరిచి వరుసగా బకెట్లన్నీ నింపుతుంది. ఎవరి బకెట్ వాళ్ళు వీలు చూసుకుని పట్టుకుపోతారు.

"నిండిన బకెట్ దగ్గర ఎవరుంటారు?" అని మాజొండి ఒక్కసారే అడిగింది.

"ఎవరూ ఉండక్కర్లేదమ్మా, అదే దీంట్లో ఉన్న సుఖం" అన్నాను. మాస్టారు యెబో యెబో అని తలూపారు.

చెప్పుతో కొట్టుకోవాలి. మందు పెట్టడం అనే మాట మన పల్లెల్లో లేదా? పగవాడింట్లో మంచినీళ్ళు ముట్టుకోని మనుషుల మధ్య నేను పెరగలేదా? కోతుల భయాలన్నీ కాచి వడబోసిన మనిషికి కూడా ఆ పూట అది తట్టలేదు. మా వీధీ, వాళ్ళ అవ్వ బారక్సూ మా ఇద్దరి కళ్ళకీ అడ్డం పడ్డాయి. అక్కడ వరుసలో ఉన్నవన్నీ మనవాళ్ళ బకెట్లు. ఆ ఒక్క సంగతి మర్చిపోయాం.

పది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మాస్టారు బకెట్ల వరుస గురించి ప్రభుత్వానికి ఉత్తరం కూడా టైపు కొట్టారు, అన్నిచోట్లా పెట్టమని. పదకొండో రోజు పొద్దున తొమ్మిదింటికి ఒక టాక్సీ డ్రైవరు ఆఫీసుకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. దిగువ వాడలో ఒక ముసలామెకి తెల్లవారుజాము నుంచి వాంతులు, ఇంకొకామెకి కడుపునొప్పి. బకెట్లలో విషం కలిపారని పుకారు. తాళం ఎవరి దగ్గరుంది? మాజొండి దగ్గర. ఎవరి తమ్ముణ్ణి చంపారు? మాజొండి తమ్ముణ్ణి. ఇంకేం కావాలి? దిగువ వాడ మగవాళ్ళు కర్రలూ ఈటెలూ పట్టుకుని కుళాయి దగ్గరికి దిగారు. అది చూసి ఎగువ వాడవాళ్ళూ దిగారు. మాజొండి మధ్యలో చిక్కుకుపోయింది. పోలీసులు ఇంకెక్కడో గొడవలో ఉన్నారు, ఎప్పుడొస్తారో తెలియదు. మాజొండి పంపిన కబురు రెండే ముక్కలు: "తీషాని, ఇంజినీరుని రమ్మను. ఈ వరుస వాళ్ళది."

నేను మాస్టారింటికి పరిగెత్తాను. విని, ఆయన గోడకి ఇంకా గట్టిగా ఆనుకున్నారు. "అయిఖోనా. నేను రాదు. నా వల్ల కాదు, బాబూ" అన్నారు. లోపలికి వెళ్ళారు. వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి మూతి తుడుచుకుంటూ బయటికొచ్చి బక్కీ ఎక్కారు. "తొందరగా పోనీ. ఆలస్యం చేస్తే నేను మళ్ళీ దిగతది."

అక్కడికి చేరగానే బండి మూతి రోడ్డు వైపు తిప్పి ఆపమన్నారు, ఆపాను. ఇంజను ఆపలేదు. చదునుకి ఇటు ఒక యాభై మంది, అటు ఒక యాభై మంది. మధ్యలో గట్టు గోడకి వీపు ఆనించి మాజొండి, చేతిలో తాళంచెవి. చుట్టూ నిండిన బకెట్లు, కొన్ని తన్నేసి దొర్లుతున్నాయి. మాస్టారి చెయ్యి తలుపు పిడి మీద జారిపోతోంది. మూడుసార్లు పట్టుకుని గానీ తెరవలేకపోయారు. నడుస్తూ రెండుచోట్ల ఆగిపోయారు. ఇంక వెనక్కి వచ్చేస్తారనుకున్నాను. రావాలని మొక్కుకున్నాను కూడా. రాలేదు.

"ఆ ముసలామె బకెట్ ఏది?" అని జూలూలో అడిగారు. ఎవరో ఆమె ఇంటి నుంచి మోసుకొచ్చిన పసుపు బకెట్ చూపించారు. సగం నీళ్ళున్నాయి. ఎనామెల్ కప్పు ముంచి, సగం స్వెట్టరు మీద పోసుకుంటూ తాగేశారు.

గుంపులో అరుపులు ఆగాయి. దిగువ వాడ నుంచి ఒక పొడుగాటి మనిషి ముందుకొచ్చి అన్నాడు. "నువ్వు ముసలోడివి, చావుకి దగ్గరపడ్డవాడివి. నీకేం పోయింది? దీన్ని కట్టించినవాణ్ణి తాగమను." అందరి తలలూ నా వైపు తిరిగాయి.

ఎలా దిగానో తెలియదు, బండి దిగి నిలబడ్డాను. మాస్టారు కప్పు మళ్ళీ ముంచి నా వైపు చాపారు. ఆ నీళ్ళ సంగతి ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ముందు వారమే పరీక్ష చేయించాను, కాగితం నా సంచిలో ఉంది. మాజొండి చీమకి కూడా హాని చెయ్యదని తెలుసు. విషం లేదని తెలుసు. అయినా నా చెయ్యి లేవలేదు. 'ఒకవేళ' అన్న ఒక్క ముక్క గొంతుకి అడ్డం పడింది. "నాకు కడుపులో బాగాలేదు" అన్నాను ఇంగ్లీషులో.

"చూశారా! కట్టినవాడే తాగడు!"

గుంపు ఒక్కసారి ముందుకి తోసుకొచ్చింది. ఒక రాయి వచ్చి మాజొండి భుజానికి తగిలింది. ఆవిడ తూలి, గోడ పట్టుకుని నిలబడింది. నా వైపు ఒక్క చూపు చూసింది. తిట్టినా బాగుండేది. తర్వాత మాస్టారి చేతిలో కప్పు లాక్కుని గడగడా తాగేసి, ఖాళీ కప్పు బోర్లించి అందరికీ చూపించింది. రాళ్ళు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడ ఆగాయి.

పొద్దు వాలేదాకా ఇద్దరూ కదలకూడదు, బతికి ఉంటే అప్పుడు చూద్దాం అని తీర్పు చెప్పారు. ఆవిడా ఆయనా బోర్లించిన బకెట్ల మీద చదును మధ్యలో కూర్చున్నారు. గోడ లేకుండా మాస్టారు కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. వీపు వణుకుతూనే ఉంది, నాకు బండిలోంచి కనిపిస్తూనే ఉంది. అవును, నేను బండిలో అద్దాలెత్తుకుని కూర్చున్నాను. గంటలు గంటలు. చదునుకి ఇటువాళ్ళు అటువాళ్ళని తిట్టారు, చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఒకటొకటే అరిచారు. అరిచి అరిచి గొంతులు పోయాక, మధ్యాహ్నం దాటాక, ఎగువ వాడ నుంచి ఒకామె ఊరికే అడిగినట్టు అడిగింది. "ఇంతకీ ఆ ముసలామె నిన్న ఏం తింది?" అవతల గుసగుసలు. దినం భోజనంలో మిగిలిన మాంసం తిందట. రెండో ఆమె కూడా అదే తిందట. కాసేపటికి ఆ ముసలామే కర్ర పట్టుకుని నడిచివచ్చి, తన పసుపు బకెట్ ఏదని అడిగింది. జనం తలోదారీ పట్టారు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

ఆ తర్వాత నెలలో రెండు కుళాయిలు కట్టాను, గండికి చెరో పక్క. నింపుకునేవాళ్ళ వీపు తమ ఇళ్ళ వైపు, ముఖం అవతలి కుళాయి వైపు. ఎవరి బకెట్ వాళ్ళ చేతిలోనే. ఈసారి రెండు కావాలని ముందుగా అడిగింది మాజొండే. గోడ మాత్రం కట్టొద్దు, ఎన్నాళ్ళకైనా మధ్యలో కాలిబాటకి చోటు వదలమంది. వదిలాను. నేను తాగని ముక్క దాటేస్తే, పదహారో రోజు చెప్పడానికి ఇంతవరకూ బాగానే ఉంటుంది, పిల్లలు చప్పట్లు కూడా కొడతారు. చెప్పడానికి నోరు రానిది గొడవ రోజు సాయంత్రం తిరిగి వస్తుంటే బక్కీలో జరిగింది.

నది వంతెన దాటాక అన్నాను. "మాస్టారూ, నేను తాగలేదు."

"చూసింది."

"నా వల్లే ఆవిడకి రాయి తగిలింది. ఇంకో నిమిషమైతే చంపేసేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోతున్నానండీ."

ఆయన నా చెయ్యి స్టీరింగ్ మీద నుంచి లాగి, అరచెయ్యి చూశారు. తర్వాత ఎప్పటిలాగే కోపం లేకుండా అన్నారు. "సిగ్గు ఎందుకు? నువ్వు చదువుకున్నది. నీళ్ళు టెస్ట్ చేసింది. కాగితం సంచిలో ఉంది. నీకే గొంతు దిగలేదు. కాగితం లేని ఆ ముసలమ్మకి ఎట్లా దిగతది? ఆమె తప్పా? నీ తప్పా? మనిద్దరం పెట్టిన వరుస తప్పు."

"మీరు తాగారు కదా. ఆవిడ తాగింది కదా."

"ఇవాళ తాగింది. రేపు నేను ఉండదు, మాజొండి ఉండదు. రేపు కూడా వాళ్ళకి నీళ్ళు కావాలి." ఆయన మెడ తిప్పి వెనక రోడ్డు చూసుకున్నారు. "మాలాంటోళ్ళు వస్తారని ఏదీ కట్టవద్దు, బాబూ. నీలాంటోడు తాగే కుళాయి కట్టు."

ఆ మాట తిట్టో దీవెనో నాకు ఇప్పటికీ తేలలేదు. అప్పుడు మాత్రం రోడ్డు కనిపించక బండి పక్కకి ఆపేశాను. ఇల్లు ఇంకా రెండు మైళ్ళుంది. చీకటి పడకముందే చేరాలని ఇద్దరికీ భయంగానే ఉంది, అయినా చాలాసేపు నాకు గేరు వెయ్యడం చాతకాలేదు.